వాపసు చెల్లమ్మ, ఒక జత బూట్లు

చెల్లమ్మకు కొనడం రాదు, వాపసు ఇవ్వడమే వచ్చు. వాపసు ఇవ్వాలంటే ముందు కొనక తప్పదు కాబట్టి ఏదో మొక్కుబడిగా కొనేది. ఆమె మనసంతా రెండో ప్రయాణం మీదే ఉండేది. మద్రాసు వాషర్‌మెన్‌పేట్ ఎం.సి. రోడ్డులో ఉత్త చెల్లమ్మ అంటే ఎవరికీ తెలియదు. ‘వాపసు చెల్లమ్మ’ వస్తోందంటే మాత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. గౌరవం కొద్దీ అనుకునేరు, వెనక తలుపు తీసి ఉందో లేదో చూసుకోవడానికి.

వానలకని కొన్న గొడుగును మాఘమాసంలో అంగడికి పట్టుకుపోయి, “ఈ ఏడు వానే సరిగ్గా పడలేదు. దీన్ని పెట్టుకుని నేనేం చేసేది?” అని గొడుగులవాణ్ణి నిలదీసిన మనిషి ఆమె. కొత్త కుక్కర్‌ను వాపసు ఇస్తూ, “దీని ఈల మనలి ఫ్యాక్టరీ సైరన్ మాదిరి ఉండాది. పప్పు ఉడికిందో, షిఫ్టు మారిందో తెలియకుండా పోతోంది” అంది. టిఫిన్ సెంటర్‌లో సగం తాగిన కాఫీ గ్లాసు వెనక్కి నెట్టి, “ఈ సగం వాపసు తీసుకో అప్పా. తాగిన సగం గూడా బాగాలేదు గానీ, దాన్ని ఇప్పుడు ఇయ్యలేను” అంది. ఒకప్పుడు చిలక జోస్యంవాడు కూడా ఆమె చేతికి చిక్కాడు. చిలక తీసిన చీటీని పంజరం ముందు పెట్టి, “దీనికి నిద్ర తీరలేదు. లేపి ఇంకోటి తీయించు” అంది. చిలక నిజంగానే ఇంకోటి తీసింది. దానికీ భయముంటుంది కదా.

“ఇన్ని వాపసు ఇచ్చినావే, మీ ఆయన్ని ఎందుకు ఇయ్యలేదే?” అని ఆడవాళ్ళు ఏడిపిస్తే, “ఆయన బిల్లు మా నాయన పోగొట్టేసినాడమ్మే” అనేది. ఆయన ఉన్నన్నాళ్ళూ పక్కనే కూర్చుని, పేపరు అడ్డం పెట్టుకుని నవ్వేవాడు.

ఎదురింటి శారదాంబకు ఈ వాపసుల పిచ్చి చూస్తే ఒళ్ళు మండేది. శారదాంబ చదివింది రెండో తరగతి. చదువుకున్నవాళ్ళ తప్పులు పట్టుకోవడానికి ఆ చదువు ఆమెకు సరిపోయింది. కొన్నదాన్ని కళ్ళు మూసుకుని వాడుకోవడం, బాగాలేకపోతే నోరు మూసుకుని అటక మీద పడెయ్యడం పరువుగల ఇంటి పద్ధతి అని ఆమె నమ్మకం. ఆ పద్ధతి వల్ల వాళ్ళ అటక నిండిపోయి చాలా కాలమైంది. అది వేరే సంగతి.

ఆ ఏడు ఎండాకాలం పోయేసరికి శారదాంబ రెండు చీలమండలూ ఆమె మాట వినడం మానేశాయి. పొద్దున లేచి కాలు కింద పెడితే తుప్పు పట్టిన గేటులాగా బిగుసుకునేవి, సాయంత్రానికి ఉబ్బి, కడియాలు వేసినట్టు తయారయ్యేవి. డాక్టరు ఎక్స్‌రే బొమ్మ చూపించి, ఎముకల మధ్య మెత్తటి పొర అరిగిపోయిందన్నాడు. చీలమండలకు బెల్టు కట్టుకోవాలన్నాడు. కాలిని సరిగ్గా పట్టి ఉంచే బూట్లు వేసుకోవాలి, వట్టి కాళ్ళతో గచ్చు మీద తిరగకూడదు, రోజూ కొంచెం కొంచెం నడవాలి అన్నాడు.

“వంటింట్లో బూట్లా? నేనేమన్నా పోలీసు స్టేషన్లో వంట చేస్తాండానా?” అంది శారదాంబ. ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుంది. అంతే, వీధి గడప దాటలేదు.

నొప్పికి భయపడి కాదు. నొప్పిని ఆమె కోడలిని పలకరించినట్టు రోజూ ఒకసారి పలకరించి వదిలేసేది. భయమల్లా వీధికి. ఆ వీధిలో శారదాంబ వస్తోందంటే కూరగాయల బండివాడు కూడా తక్కెడ సరిచేసుకునేవాడు. అదే వీధి ఇప్పుడు ఆమె బాతులాగా అటూ ఇటూ ఊగుతూ నడవడం చూసి ‘అయ్యో పాపం’ అంటే? ఆ ‘అయ్యో పాపం’ వినడం కంటే కుర్చీలో కూర్చుని గోడను తిట్టడం మేలనుకుంది.

కానీ మనవరాలు వర్షిణికి పెళ్ళి కుదిరింది. అక్కడొచ్చింది చిక్కు. వాళ్ళ ఇంట్లో ముహూర్తం చీర ఎవరు పడితే వాళ్ళు తీయరు. ఇంటికి పెద్దదైన ఆడది అంగడికి స్వయంగా పోయి, చీరల గుట్టలో మొదటి చెయ్యి పెట్టాలి. ఆమె చెయ్యి ఏ చీర మీద ఆగితే అదే ముహూర్తం చీర. శారదాంబకు వాళ్ళ అత్తగారు అట్లాగే తీసింది. కోడలు ఆశకు శారదాంబ తీసింది. ఆ వంశంలో పెళ్ళిళ్ళన్నీ ఎం.సి. రోడ్డులోని ఒకే జవుళి అంగడి మేడ మీద, పట్టు చీరల పరుపు మీద మొదలయ్యాయి. ఆ రోడ్డు మధ్యలోకి కారైనా ఆటో అయినా దూరదు. జనాన్ని తోసుకుంటూ నడవాలి, ఆపైన మెట్లెక్కాలి.

“అవ్వా, నేను ఆడ నుంచి వీడియో కాల్ పెడతా. నువ్వు ఈడ కూర్చొని చూసి చెప్పు. ఓకేవా?” అంది వర్షిణి.

“చీర కంటితో చూసేది కాదే, వేళ్ళతో చూసేది. నీ ఫోన్లోకి నా చెయ్యి పడుతుందా?”

“అయితే చీరల్నే ఇంటికి తెప్పిద్దాం అత్తయ్యా. అంగడివాళ్ళు పంపుతారు” అంది ఆశ.

“చీరలు నా దగ్గరికి వస్తాయా! నేనేమన్నా మంచం పట్టినానా? నేను పోయి తీస్తే మన ఇంటి చీర. అది వచ్చి నన్ను చూసిపోతే, దాన్ని పరామర్శ అంటారు.”

పెళ్ళి కార్తీకంలో. చీర తీయడానికి ఆశ్వయుజంలో మంచిరోజు చూశారు. శారదాంబ తానే పోయి తీస్తానన్న మాట మీద నిలబడింది గానీ, ఆమె కాళ్ళు ఏ మాట మీదా నిలబడే స్థితిలో లేవు. చీర ఈసారి తన చెయ్యి తప్పిపోతుందేమోనని ఆమెకు లోలోపల గుబులు. దాన్ని పైకి అనలేదు, కూరలో ఉప్పు ఎక్కువైందని మాత్రం నాలుగు రోజులు వరసగా అరిచింది.

ఆశ పాపం ఫోన్లో చూసి ఒక చీలమండ బెల్టు తెప్పించింది. నల్లగా, చివర కత్తిరించిన మేజోడులాగా ఉంది. తొడిగితే మడమ దగ్గర వదులు, పిక్క దగ్గర బిగువు.

“కొలత తప్పు. వాపసు ఇచ్చేద్దాం అత్తయ్యా. కొరియర్ అతను వచ్చి తీసుకుపోతాడు” అంది ఆశ.

ఆ ‘వాపసు’ అన్న మాట వీధి దాటి ఎదురింట్లో వినిపించిందంటే నమ్మాలి. పొయ్యి మీద పాలు దించకుండా చెల్లమ్మ పరుగెత్తుకొచ్చింది.

“కొరియర్‌కా! అది గూడా ఒక వాపసేనా అమ్మే? వాకిట్లో నిలబడి పొట్లం చేతికిస్తే దాంట్లో ఏముండాది? అంగడికి పోవాల, అంగడివాడి మొగంలోకి చూడాల, వాడు ‘కుదరదమ్మా’ అనాల, మనం కూర్చోవాల. అప్పుడు గదా వాపసు!” బెల్టును అటూ ఇటూ లాగి చూసింది. “దీన్ని పోనియ్యి. అక్కా, లే. ప్రదీప్ అంగడికి పోదాం.”

ప్రదీప్ అంగడి ఎం.సి. రోడ్డు ఆ చివర్న, వెనక సందులోంచి ఆటో వచ్చేచోట ఉంది. కాళ్ళ నొప్పులవాళ్ళకు బెల్టులూ, బూట్లూ వాళ్ళ తాత కాలం నుంచీ అమ్ముతున్నారు.

“నేనెందుకే? నువ్వు పోయి తీసుకురా” అంది శారదాంబ.

“బాగుందే! రేపు దాన్ని వాపసు ఇయ్యాలంటే కాలు ఎవరిదని అడగడా వాడు? కాలు లేకుండా బూటు వాపసు తీసుకునేవాడు ఈ మద్రాసులో ఎవడుండాడు?”

“ఇంకా కొననేలేదు, అప్పుడే వాపసు సంగతా?”

“ముందుచూపు అక్కా” అంది చెల్లమ్మ.

మొదటిరోజు ఇంటి గడప దగ్గర ఆటో ఎక్కించి అంగడి గడప దగ్గర దించింది. ప్రదీప్ నలభై దాటిన మనిషి. మాట్లాడేది తెలుగే, మధ్యలో అరవం వద్దన్నా వచ్చేస్తుంది. చెల్లమ్మను చూడగానే గోడ మీద తాత పటానికి ఒక దండం పెట్టుకున్నాడు.

“వాంగ పాటీ. ఎవరికి?”

“పాటీ ఏంది? అవ్వా అనలేవా? తెలుగు పుటక పుట్టి” అంది శారదాంబ, కూర్చోకముందే.

బెల్టుల పరీక్ష మొదలైంది. గట్టి ప్లాస్టిక్ రెక్కలున్నది పెడితే శారదాంబ “ఇది ఎద్దుకు కట్టేది” అంది. సాగే గుడ్డది పెడితే చెల్లమ్మ “ఇది ఒట్టి ముద్దు చేస్తుంది, పట్టుకోదు” అంది. చివరికి లేసులు బిగించి కట్టేది, రెండు పక్కలా సన్నటి పుల్లలు కుట్టినది ఒకటి కుదిరింది. పలచటి నూలు మేజోడు వేసి దాని మీద కట్టగానే, చీలమండను ఎవరో రెండు చేతులతో ఒద్దికగా పట్టుకున్నట్టు అనిపించింది శారదాంబకు. పైకి మాత్రం “ఏదోలే” అంది.

తర్వాత బూట్లు. చెల్లమ్మ బూటు కొనే పద్ధతి లోకంలో ఎక్కడా ఉండదు. ఒక చేత్తో ముందు భాగం, ఒక చేత్తో మడమ పట్టుకుని, తడి పంచె పిండినట్టు పిండేది. వంకర తిరిగితే, “ఇది బూటు కాదప్పా, తుండుగుడ్డ. తీసిపెట్టు.” మడమ దగ్గర గోడను బొటనవేలితో నొక్కేది. లోపలికి పోతే, “గోడ నానిపోయింది. దీన్ని నమ్ముకుని మా అక్క ఎట్ట నిలబడేది?” శారదాంబ మనసు మాత్రం అద్దాల బీరువాలోని మెరూన్ రంగు జోడు మీద పడింది. ముందువైపు సన్నగా, పైన బంగారు బకిలు.

“అది తీయి” అంది.

“పాటీ, అది ఇరుకు. బెల్టు కట్టుకుని దూరదు.”

“దూరుతుంది.”

దూరింది. ఎట్లా దూరిందో శారదాంబకూ దేవుడికీ తెలియాలి. పొద్దున పూట కాబట్టి దూరింది. సాయంత్రానికి కాలు పొంగి, దాన్ని ఊడదీయడానికి ఆశ ఒక పక్క, వర్షిణి ఒక పక్క పట్టి లాగాల్సి వచ్చింది. చెల్లమ్మ గుమ్మంలో నిలబడి కొత్త పెళ్ళికూతురిని చూసినంత ముచ్చటగా చూసింది.

“వాపసు!” అంది.

ఈసారి ప్రదీప్ మాట విని సాయంత్రం పూట, కాళ్ళు వాచి ఉన్నప్పుడే, బెల్టు కట్టుకుని పోయారు. అప్పుడు దొరికింది అసలైన జత. బూడిద రంగు. ముందు వెడల్పు, వేళ్ళు హాయిగా విప్పుకునేంత. మడమ దగ్గర గోడ గట్టి. సోలు ముందు భాగం పడవ ముక్కులాగా కొంచెం పైకి లేచి ఉంది కాబట్టి, చీలమండ వంచకుండానే అడుగు దానంతటదే ముందుకు దొర్లుతుంది. చూడటానికి అందం లేదు. కానీ వేసుకుని లేచి నిలబడితే, చాలా కాలం తర్వాత నేల తిన్నగా ఉన్నట్టు తోచింది శారదాంబకు.

ఇంటికి వచ్చాక, ఎవరూ లేనప్పుడు ఒక పని చేసింది. ఆ ఇంట్లో కొత్త గుడ్డ ఏది వచ్చినా అంచుకు పసుపు అద్దకుండా ఎవరూ కట్టరు. బూట్లకు పసుపేమిటి, ఎవరన్నా చూస్తే నవ్వరూ? కానీ ఇవి తనను చీరల అంగడికి తీసుకుపోవాల్సిన బూట్లు. వేలు పసుపులో ముంచి, లేసుల కింద ఉండే నాలుక లోపలివైపు, ఎవరికీ కనబడనిచోట, కుడి బూటుకు ఒక బొట్టు, ఎడమ బూటుకు ఒక బొట్టు పెట్టింది. పెట్టి, ఏమీ ఎరగనట్టు టీవీ ముందు కూర్చుంది.

వారం తిరిగేసరికి చెల్లమ్మ దిగింది.

“అక్కా, బూట్లు ఎట్టుండాయి?”

“బాగుండాయి.”

“బాగుండాయా?” చెల్లమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “ఎడమ మడమ దగ్గర సన్నగా గీరుకోవడం లేదూ?”

“లేదే.”

“లేదా! సెరి. కొందరికి తెలియదులే. మోటు చర్మం ఉంటే తెలియదు. మా పెద్దత్తకు కాలికింద మేకు దిగినా తెలిసేది కాదు. పశువు మాదిరి. నీది సున్నితమైన ఒళ్ళు గదా, నీకు తెలుస్తుందనుకున్నా.”

శారదాంబ ఒక్క క్షణం ఆలోచించింది. నిజం చెబితే పశువుల్లో చేరాలి.

“గీరుకుంటాంది” అంది గంభీరంగా. “నేనే చెప్పలేదు. చిన్న విషయానికి గోల ఎందుకని.”

“అదీ! నాకు తెలుసు. లే, వాపసు ఇచ్చొద్దాం.”

బెల్టు కట్టుకుని, ఆ గీరుకునే బూట్లే వేసుకుని బయల్దేరారు. ఈసారి ఆటో ఎం.సి. రోడ్డు మొదట్లోనే ఆగింది. చెల్లమ్మ ఆటోవాడితో ఏదో మాటా మాటా పెంచుకుని, అక్కడే దిగిపోదామంది. మిగతా రోడ్డు శారదాంబ ఆమె భుజం పట్టుకుని, ఆమెను తిడుతూ నడిచింది. ప్రదీప్ బూట్లు తీసుకుని లోపలికి పోయి, కాసేపటికి పెట్టె తెచ్చాడు. అదే బూడిద రంగు, కానీ నల్ల లేసులు.

“ఇది వేరే కంపెనీ పాటీ. చూడను ఒకే మాదిరి ఉంటుంది” అన్నాడు నేల చూపులు చూస్తూ. ఇదీ వాపసు పోయేదేనేమోనని శారదాంబ దీనికి పసుపు పెట్టలేదు.

ఆ పై వారం కుడి బూటు కిర్రుమంటోందంది చెల్లమ్మ. శారదాంబకు వినబడలేదు. “చెవులు కూడానా అక్కా?” అనేసరికి వినబడింది. ఆ తర్వాత తెల్ల లేసుల జత వచ్చింది, దాని రెండు బూట్లూ ఒకే బరువు లేవంది. శారదాంబ చేతుల్లోకి తీసుకుని, కళ్ళు సగం మూసి, “ఎడమది ఒక చిటికె ఎక్కువ” అని తేల్చింది. తన నోటితో తానే అంత చక్కగా అబద్ధం చెప్పినందుకు ఆమెకు కొంచెం గర్వం కూడా కలిగింది.

ప్రతిసారీ ఆటో ఇంకొంచెం ముందే ఆగిపోయేది. ఒకసారి మలుపులో, ఒకసారి వీధి చివర. ఒకసారి ఆటో వాకిట్లోకి వచ్చి నిలబడితే, చెల్లమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, “ఈ ఆటోకు మూడో చక్రం మీద మనసు లేదు, వాపసు పో” అని పంపేసింది. దాంతో ఇంటి నుంచే నడక మొదలైంది.

మొదట్లో సోడా అంగడి ముందు స్టూలు చూస్తే శారదాంబకు ప్రాణం లేచి వచ్చేది. తర్వాత్తర్వాత స్టూలు దాటాక, ‘అరె, కూర్చోలేదే’ అని గుర్తొచ్చేది. దారిలో తలుపులకు వేలాడగట్టిన చీరల కొంగులు వేళ్ళతో పట్టుకుని, “ఇది రెండు ఉతుకులకు ఏడుస్తుంది”, “ఇది పట్టు కాదు, పట్టు ఫొటో” అని తీర్పులు చెప్పేది. అంగడివాళ్ళు తక్కెళ్ళు సరిచేసుకోవడం మళ్ళీ మొదలుపెట్టారు. ‘అయ్యో పాపం’ అని ఒక్కడు కూడా అనలేదు. అనడానికి ఆమె సందు ఇస్తే కదా! బాతు నడక పూర్తిగా పోలేదు గానీ, బాతుకు పొగరు వచ్చింది.

నొప్పి పోయిందా అంటే, పోలేదు. అరిగింది మళ్ళీ మొలుస్తుందా? కానీ నొప్పి ఇప్పుడు ముందు నడవడం మానేసి, వెనకాల నడవడం నేర్చుకుంది.

చీర తీసే మంచిరోజుకు రెండు రోజులు ముందు, మళ్ళీ ప్రదీప్ అంగడి. ఈసారి ఫిర్యాదు ఏమిటంటే, బూటుకు ‘ఒద్దిక లేదు’. అంతకంటే ఏమీ దొరికినట్టు లేదు చెల్లమ్మకు. ప్రదీప్ లోపలికి పోయి, కాఫీ రంగు లేసులున్న జత తెచ్చి పెట్టాడు. అప్పుడే బయట ఎవడో ఆటోవాడు చెల్లమ్మను చూసి పాత బాకీ తిట్టు ఒకటి తిట్టాడు. ఆమె కొంగు దోపుకుని బయటికి పోయింది.

ఎప్పుడూ ఎవరో ఒకరు తొడిగేవారు, ఈసారి శారదాంబ తానే వంగి లేసు వదులు చేసి నాలుక పైకెత్తింది. లోపల పసుపు బొట్టు. ఎడమ బూటు నాలుక ఎత్తింది. అక్కడా పసుపు బొట్టు.

ఆమె గోటితో ఆ బొట్టును గీకి చూసింది. నల్ల లేసులు, తెల్ల లేసులు, కాఫీ రంగు లేసులు. ‘వేరే కంపెనీ.’ గీరుకోవడం, కిర్రుమనడం, చిటికెడు బరువు.

“ఏమప్పా ప్రదీప్, ఇది ఎవరి బూటు?”

“కొత్త జత... పాటీ.”

“కొత్త జతకు మా ఇంటి పసుపు ఎట్ట అంటింది?”

ప్రదీప్ తాత పటం వైపు చూశాడు. తాత ఏమీ సాయం చేయలేదు.

“నా తప్పు ఏమీ లేదు అవ్వా” అన్నాడు, భయానికి తెలుగు శుభ్రంగా వచ్చేసింది. “రెండోసారి తీసుకున్నారే, ఆ జతే మీకు సరిగ్గా కుదిరింది. చెల్లమ్మ పాటీకీ తెలుసు, నాకూ తెలుసు. ‘డాక్టరు నడవమన్నాడు, మా అక్క నడవదు. నడువక్కా అంటే నన్ను తిట్టి కూర్చుంటుంది, వాపసు ఇద్దాం పా అంటే నన్ను తిడతా నడుస్తుంది. మనవరాలి చీరకు ఆమె చెయ్యి పడాల. నువ్వు గమ్మున లేసులు మార్చి ఇయ్యి’ అనింది. వచ్చినప్పుడల్లా సోలు తుడిచి, లేసులు మార్చి, అదే పెట్టెలో పెట్టి ఇస్తాండా. నా దగ్గర లేసులే అయిపోయినాయి అవ్వా. ఇంకోసారి వస్తే గులాబీ రంగువే ఉండేది.”

బయట చెల్లమ్మ గొంతు ఖంగుమంటోంది. “నీ ఆటోకు హారన్ ఉంటే సరిపోద్దా? దాన్ని కొట్టేవాడికి బుద్ధి ఉండొద్దా?”

శారదాంబ నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. ఆ దగ్గు కొంచెం తడిగా వచ్చిందేమో, ముక్కు తుడుచుకుంది.

“నేను చూసినానని ఆమెకు చెప్పినావంటే, నీ అంగడి బోర్డు వాపసు ఇప్పిస్తా. అర్థమైందా?”

“ఆమా అవ్వా” అని తల ఊపాడు ప్రదీప్.

చెల్లమ్మ ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. “ఎట్టుండాయి అక్కా?”

“దివ్యంగా ఉండాయి. ఇంక వాపసు లేదు.”

ఆ మాట వినగానే చెల్లమ్మ మొహం, బేరం చెడిపోయిన వ్యాపారి మొహంలాగా చిన్నబోయింది.

చీర తీసే రోజు శారదాంబ ఇంటి నుంచి జవుళి అంగడి దాకా నడిచింది. ఒక పక్క ఆశ, ఒక పక్క వర్షిణి, ముందు జనాన్ని తోస్తూ చెల్లమ్మ. మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కుదురుగా పెట్టి, నిదానంగా ఎక్కింది. వర్షిణి చెయ్యి ఇవ్వబోతే, “నా చెయ్యి చీర కోసం దాచుకుంటాండా, జరుగు” అంది. పట్టు చీరల పరుపు దగ్గర బూట్లు విప్పి, బెల్టుతోనే పైకెక్కి కూర్చుంది. బెల్టు గుడ్డే కదా, దానికి మైల లేదని ఎప్పుడో తీర్పు చెప్పుకుంది.

చీరలు పరిచారు. శారదాంబ కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టింది. ఒకటి దాటింది, ఇంకొకటి దాటింది. నేరేడుపండు రంగు చీర, ఆవపువ్వు రంగు అంచు, దాని మీద చెయ్యి ఆగింది. కదల్లేదు.

“అవ్వా, నాకూ అదే నచ్చింది” అంది వర్షిణి.

అంగడి పెద్దాయన ముందుకు వంగి, చెల్లమ్మనే చూస్తూ అన్నాడు. “అమ్మా, ముహూర్తం చీర... వాపసు తీసుకోం.”

“ఎవరప్పా వాపసు ఇచ్చేది?” చెల్లమ్మ కళ్ళెర్రజేసింది. “మా అక్క చెయ్యి పెట్టిన చీర! దాంట్లో తప్పు పట్టేవాళ్ళు ఈ రోడ్డులో ఉండారా?”

కొన్న వస్తువును చెల్లమ్మ పొగడటం ఎం.సి. రోడ్డు వినడం అదే మొదలు. గల్లాపెట్టె దగ్గరివాడు పొరపాటున రెండు బిల్లులు కొట్టేశాడు.

ఆ తర్వాత చెల్లమ్మ ఎదురింటి వైపు రావడం తగ్గించింది. ఏమని వస్తుంది? బూట్లు దివ్యంగా ఉన్నాయి, చీర కుదిరింది. వాకిట్లో కూర్చుని, కొత్తగా కొన్న ప్లాస్టిక్ బకెట్‌ను ఒళ్ళో పెట్టుకుని, దాంట్లో తప్పు దొరక్క దిగాలుగా చూస్తూ ఉండేది.

ఒకనాటి సాయంత్రం శారదాంబ బెల్టులు బిగించుకుంది, బూట్లు వేసుకుంది, ఎవరి భుజమూ పట్టుకోకుండా వీధి దాటి వచ్చి ఆమె ముందు నిలబడింది.

“ఏమ్మే చెల్లమ్మా. ఈ బూట్లు కరుస్తాండాయి. పా, వాపసు ఇచ్చొద్దాం.”

చెల్లమ్మ బకెట్ పక్కన పడేసి లేచింది. మొహం వెలిగిపోయింది. “యాడ కరుస్తాండాయి అక్కా?”

“అది నువ్వు చెప్పాల. నాకెట్ట తెలుస్తుంది, మోటు చర్మం నాది.”

చెల్లమ్మ వంగి, చాలా శ్రద్ధగా బూట్ల చుట్టూ చూసింది. “చిటికెన వేలు దగ్గర. చూస్తేనే తెలుస్తాంది, దుర్మార్గపు కుట్టు. దీన్ని ఇచ్చేసి ఏ జత తెచ్చుకుందాం?”

శారదాంబ అప్పటికే ఎం.సి. రోడ్డు వైపు తిరిగి నడక మొదలుపెట్టింది.

“పసుపు బొట్టున్న జత” అంది వెనక్కి చూడకుండా. “ఈసారి గులాబీ రంగు లేసులు వెయ్యమను.”

వీధి మధ్యలో చెల్లమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. వాపసు ఇవ్వడానికి ఆమె దగ్గర ఒక్క మాట కూడా లేదు. మలుపు దగ్గర నుంచి శారదాంబ అరుపు వినబడింది.

“వస్తాండావా, లేక ఆటో పిలవమంటావా?”